మట్టి కడగని పార

ఎనెలెసికి అలసట కొత్తేమీ కాదు. అయినా ఆ ఏడు అక్టోబరు ఎండల్లో చేపల గుంట గట్టు ఎక్కడానికి కూడా ఆమె రెండుసార్లు ఆగాల్సి వచ్చేది. నడుము మీద చెయ్యి వేసుకుని, కొండ వైపు ఒకసారి చూసి, "ఇంకెన్నాళ్ళే తల్లీ" అని తనను తానే అడిగి, మళ్ళీ ఎక్కేది. చంకలో తవుడు తట్ట ఉండేది. గట్టు మీద బోర్లించిన పాత సత్తు పళ్ళేన్ని రాయితో రెండు దెబ్బలు కొడితే చాలు, నీళ్ళు కదిలేవి. మకుంబా చేపలు మూతులు పైకెత్తి గుంపుగా వచ్చేవి. ఆ కాసేపు మోకాళ్ళ నొప్పి ఆమెకు గుర్తుండేది కాదు.

గుంట పెద్దదేం కాదు. పాతిక అడుగులు వేస్తే ఈ చివర నుంచి ఆ చివరకు చేరిపోతాం. కొండవాగు నుంచి తీసిన పిల్లకాలువ, దానికి ఒక వెదురు గొట్టం, మూలన మేకపెంటా గడ్డీ వేసి కుళ్ళబెట్టే కర్రల దడి, అంతే. అందులో సగం ఆమె మొగుడు తవ్వాడు. మిగతా సగం తవ్వకముందే గొడ్డలి భుజాన వేసుకుని వాళ్ళమ్మ ఊరికి వెళ్ళిపోయాడు. మా జొంబా వైపు మగవాడు పెళ్ళాం ఊరొచ్చి కాపురం చేస్తాడు కాబట్టి, వెళ్ళిపోవడం కూడా వాడికి అంత తేలిక. ఎనెలెసి వెతుక్కుంటూ పోలేదు. మిగతా సగం తనే తవ్వుకుంది.

"అక్కా, ఆ చేపలకి తవుడు పెట్టినంత శ్రద్ధగా మా బావకి మొక్కజొన్న న్సిమా ముద్ద పెట్టుంటే పోయేవాడు కాదేమో" అని చెల్లెలు ఫాలెసి ఎన్నిసార్లు ఏడిపించిందో లెక్కలేదు.

"చేపలు తిని నోరు మూసుకుంటాయే. మీ బావ తిని కూడా అరిచేవాడు" అనేది ఎనెలెసి.

గుంట తవ్వి పదకొండేళ్ళయింది. ఆ పదకొండేళ్ళలో ఒక్క చేప కూడా పూర్తిగా ఎదిగింది లేదు. తప్పు చేపలది కాదు, మాది. ఊళ్ళో చావు జరిగితే వచ్చిన జనానికి కూర కావాలి. గుంట ఉన్నవాళ్ళు కూర ఇవ్వకుండా ఎలా ఉంటారు? పెళ్ళి జరిగినా అంతే. ఊరిపెద్ద ఇంటికి చుట్టాలొచ్చినా అంతే. వేలెడు చేపలను వలవేసి లాగి, "ఎంత మంచిదానివి ఎనెలెసీ" అని తిని చేతులు కడుక్కుని పోయేవాళ్ళం. ఆ మంచిది అనే మాట వింటే ఆమెకు ఒళ్ళు మండేది. మంచిది కాకపోతే రేపు తను పోయాక గొయ్యి తవ్వడానికి ఎవరూ రారు గనుక, నోరు మెదిపేది కాదు.

ఆమె కోరిక ఒక్కటే. ఆరు మైళ్ళ అవతల ఆడపిల్లల హాస్టలు బడి ఉంది. అక్కడి వంటాయన మిసోమలి ఒకసారి సంతలో ఆమె చెయ్యి పట్టుకుని మరీ కొలత చూపించాడు. "ఇదిగో, మణికట్టు నుంచి నడివేలి కొస దాకా ఉన్న చేపలు తే అమ్మా. ఎన్ని తెచ్చినా తీసుకుంటా. టర్ము టర్ముకీ తీసుకుంటా." ఆ మాట ఎనెలెసి గుండెలో నాటుకుంది. అది కుదిరితే ఇక వానాకాలంలో పరాయి చేలకు కూలికి పోనక్కర్లేదు. ఆకలి నెలల్లో కడుపు మాడ్చుకుని, ఎవరిదో చేలో వంగి వంగి కలుపు తవ్వి, సాయంత్రానికి తట్టెడు మొక్కజొన్నలు తెచ్చుకునే బతుకు ఆమెకు విసుగెత్తింది. యాభై ఎనిమిదేళ్ళొచ్చాయి. ఒక్క వానాకాలం తన పార తన చేలోనే ఉండాలని, మధ్యాహ్నం పూట కాసేపు నడుము వాల్చాలని ఆమె ఆశ.

ఆ ఏడు ఏప్రిల్లో గుంటలో చేపపిల్లలను వదిలింది. అదృష్టమో ఏమో, ఆరు నెలల పాటు ఊళ్ళో ఎవరూ పోలేదు. అక్టోబరు నడుమకు చేపలు అరచెయ్యి దాటాయి. ఇంకొక్క నెల ఆగితే మిసోమలి కొలతకు వస్తాయి. అప్పుడు ఊరిపెద్ద అన్నగారు పోయాడు.

ఏడుపులు వినగానే ఎనెలెసి చేసిన మొదటి పని గుంట వైపు చూడటం. అందుకు తరవాత సిగ్గుపడింది. అయితే ఊరిపెద్దకు పరువు ఉంది కదా, సొంత అన్న చావుకు రెండు మేకలను కోయించాడు. గుంట జోలికి ఎవరూ రాలేదు. చావింట్లో ఆడవాళ్ళ మధ్య కాళ్ళు చాపుకుని కూర్చున్న ఎనెలెసికి లోపల ఎంత తేలికైందంటే, ఆ తేలికదనం ఎవరికైనా కనిపిస్తుందేమోనని మిగతావాళ్ళ కంటే గట్టిగా ఏడ్చింది.

మధ్యాహ్నం చేపలకు తవుడు చల్లడానికి లేచి వెళ్ళింది. గట్టు దిగువన గడ్డి తడిగా ఉంది. వంగి చూస్తే ఎండ్రకాయ చేసిన బొరియ. అందులోంచి పిల్లవాడి ఉచ్చంత ధారగా నీళ్ళు కారుతున్నాయి. మామూలు రోజైతే అది ఒక పూట పని. గట్టును మూరెడు లోతున కోసి, బొరియను తవ్వి తీసి, జిగట మన్ను తెచ్చి పెట్టి రోకలితో దిమ్మిస్తే అయిపోతుంది. అయితే పార కావాలి. ఊళ్ళో శవం ఉండగా పార ఎత్తకూడదు. మట్టి కప్పేదాకా నేలను తవ్వే హక్కు గోతివాళ్ళకు తప్ప ఎవరికీ లేదు. చనిపోయినాయన కొడుకు బ్లాంటయిర్ పట్నం నుంచి రావాలి, మట్టి ఎల్లుండి గానీ పడదు.

ఎనెలెసి గడ్డి కుక్కింది, చేతులతో బురద మెత్తింది. అరగంట ఆగి మళ్ళీ కారింది. రెండోరోజు పొద్దున వచ్చి చూస్తే ధార పిడికిలంత అయింది, గుంట జానెడు తగ్గింది. మళ్ళీ చేతులతోనే మెత్తింది. గోళ్ళ కింద నెత్తురొచ్చింది. చావింటికి వెళ్తే ఫాలెసి అడిగింది, "ఏంటక్కా, ఒంటినిండా ఆ బురదేంటి?"

"జారి పడ్డానే."

"గుంటలోనా? అయ్యో, చేపలు దడుచుకుని ఉంటాయి" అని ఫాలెసి నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంది. ఎనెలెసికి నవ్వు రాలేదు.

ఆ పొద్దున్నే గోతివాళ్ళు ఇంటింటికీ తిరిగి పారలు తీసుకుపోయారు. గోతివాళ్ళంటే ఆరుగురు, వాళ్ళకు పెద్ద కంవెండో. డెబ్బై ఏళ్ళవాడు, పుల్లలా ఉంటాడు, నోరు మాత్రం పెద్దది. చావు ఉన్నన్నాళ్ళూ వాళ్ళదే రాజ్యం. తిండి ముందు వాళ్ళకే పెట్టాలి. తక్కువైతే సగం తవ్విన గోతిలో కూర్చుని బూతులు తిడతారు, ఊరిపెద్ద కూడా పడాల్సిందే. ఎనెలెసి ఇంటి నుంచి పట్టుకెళ్ళింది పిడి మీద కాల్చిన గుర్తు ఉన్న పార. పదకొండేళ్ళ కిందట ఆ గుంట తవ్వింది దానితోనే.

మధ్యాహ్నానికి గొయ్యి పూర్తయింది. గోతివాళ్ళు వాగు దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కుని, పారలను రాళ్ళ మీద పేర్చి, తినడానికి వెళ్ళారు. పారలను ఇంకా కడగలేదు. మట్టి పడ్డాక కంవెండో ఆకుపసరు కలిపిన నీళ్ళతో కడిగి ఎవరిది వాళ్ళకు ఇస్తాడు. అంతవరకు ఆ పార తగిలిన నేల శ్మశానం కిందే లెక్క. ఇది మా ఊళ్ళో అందరికీ తెలుసు. ఎనెలెసికీ తెలుసు.

ఆమె గట్టు మీద నిలబడి ఒకసారి గుంటను చూసింది. బొరియ ఇప్పుడు తలకాయంత అయింది. పైన మన్ను బీటలిచ్చి లోపలికి కుంగుతోంది. సాయంత్రానికి గట్టు తెగుతుంది. తరవాత రాళ్ళ వైపు చూసింది. కాల్చిన గుర్తు ఉన్న పిడి అన్నిటికంటే పైన ఉంది, దాని రేకుకు ఎర్రమన్ను అంటుకుని ఉంది. "నాదే కదా" అని పైకే అనుకుంది. వెళ్ళి తీసుకుంది. మొదటి దెబ్బకు ముందు ఊరి వైపు ఒకసారి చూసింది, రెండోదానికి చూడలేదు. గంటలో బొరియ మూసుకుపోయింది. పారను తిరిగి పెడదామని వాగు వైపు తిరిగేసరికి, నీళ్ళకుండ నెత్తిన పెట్టుకుని ఫాలెసి నిలబడి ఉంది.

"అక్కా! ఎంత పని చేశావే!"

"నువ్వేం చూడలేదు."

"చూశానుగా."

"అయితే మర్చిపో. నీ కాళ్ళు పట్టుకుంటా ఫాలెసీ, ఒక్క నెల మర్చిపో."

"నేనెవరికి చెప్తానక్కా" అంది ఫాలెసి. ఆమె చెప్పింది ఒక్కరికే, అది కూడా సొంత మొగుడికే. తెల్లారేసరికి ఊరంతా తెలిసింది.

మట్టి పడిన మర్నాడు ఊరిపెద్ద పిలిపించాడు. ఎనెలెసి దేన్నీ కాదనలేదు. రెండు కోళ్ళు తప్పు కట్టమన్నాడు, కట్టింది. వెళ్ళబోతుంటే ఆయన మెల్లగా అన్నాడు: "కోళ్ళతో పోయినవాళ్ళు సర్దుకుంటారమ్మా. ఉన్నవాళ్ళ నోళ్ళతోనే వస్తుంది చిక్కు."

వచ్చింది. ఆ గుంట చేపలు శ్మశానం చేపలన్నారు. తింటే ఇంట్లో మరో గొయ్యి తవ్వాల్సి వస్తుందన్నారు. ఎవరూ ఆమెతో పోట్లాడలేదు, పలకరింపులు కూడా మానలేదు. గుంట వైపు మాత్రం రాలేదు. చుట్టాలు రాలేదు, దొంగలు రాలేదు. ఆఖరికి ఆ గట్టు మీద గడ్డి కోసుకోవడానికి కూడా ఎవరూ రాలేదు. పదకొండేళ్ళుగా ఆమె దేవుణ్ణి అడిగింది ఇదే. చేపలు హాయిగా తిని, హాయిగా ఎదిగాయి.

నవంబరు చివర మిసోమలి సైకిలు మీద వచ్చాడు. ఎనెలెసి వలవేసి ఒకటి తీసి ఇచ్చింది. ఆయన మణికట్టు మీద పెట్టి చూసుకున్నాడు. తోక వేళ్ళు దాటి బయటికి వచ్చింది.

"అబ్బో! ఏం పెట్టి పెంచావమ్మా?" అన్నాడు. వెంటనే గొంతు తగ్గించి, "దార్లో ఎవరో ఏదో అన్నారు. ఇదేనా ఆ గుంట?" అని అడిగాడు.

కాదని అనొచ్చు. అవతల గుట్ట వెనక ఇంకో ఊళ్ళో గుంట ఉంది, దాని మీదికి తోసెయ్యొచ్చు. ఎనెలెసికి అంత ఓపిక లేకపోయింది. "ఇదే బాబూ" అంది.

"రెండొందల మంది పిల్లలమ్మా. సగం మంది ఈ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే. ఒక్క పిల్లకి కడుపునొప్పి వచ్చినా నన్ను ఉంచుతారా?"

"నువ్వైతే తింటావా?"

"నాకలాంటి పట్టింపుల్లేవు" అని ఆయన చేపను గడ్డి మీద పెట్టి, చేతులను ప్యాంటుకు తుడుచుకున్నాడు. ఎనెలెసి ఆ తుడుచుకోవడం చూసింది. సైకిలు కనుమరుగయ్యేదాకా అక్కడే నిలబడింది.

ఆ చేపను ఆమె ఇంటికి తెచ్చి వేయించుకుంది. టమాటా వేసింది, ఉప్పు వేసింది. ఆ వాసనకు ఇదివరకు నాలుగిళ్ళ పిల్లలు గుమ్మంలో తేలేవాళ్ళు. ఆ రోజు ఎవరూ రాలేదు. మొత్తం చేప తన ఒక్కదానికే దొరకడం ఆమె జన్మలో అదే మొదటిసారి. సగం తిన్నాక సయించలేదు. ఒంటరితనం అంటే ఏమిటో మొగుడు పోయినప్పుడు తెలియలేదు గానీ, ఆ సగం చేప ముందు కూర్చున్నప్పుడు తెలిసింది. వానలు పడ్డాయి. ఎప్పటిలాగే పార భుజాన వేసుకుని పరాయి చేలకు కూలికి పోయింది.

జనవరి చివరికి ఊళ్ళో గాదెలన్నీ అడుగంటాయి. అప్పుడు టెలెజా పిన్ని పోయింది. ఎనెలెసి తల్లికి చెల్లెలు, ఎనభై దాటినామె, ఆ ఇంటి ఆడవాళ్ళలో ఆఖరి పెద్దతల. ఇప్పుడు చావింటివాళ్ళంటే ఎనెలెసీ ఫాలెసీనే. జనానికి కూర వాళ్ళే పెట్టాలి. మేక లేదు. కోళ్ళు అక్టోబరులోనే పోయాయి. గుమ్మడాకు తప్ప ఏమీ లేదు.

ఎనెలెసి గట్టు మీద కూర్చుని ఉంటే ఫాలెసి వచ్చి పక్కన కూర్చుంది.

"నేను చెప్పకుండా ఉండాల్సిందక్కా" అంది.

"ఉండాల్సిందే."

"తిట్టు."

"ఓపిక లేదే. తరవాత తిడతాలే."

ఇంతలో కంవెండో ఒంటినిండా ఎర్రమన్నుతో గట్టెక్కి వచ్చాడు. భుజాన పార ఉంది, అదే కాల్చిన పిడి పార. "ఏమమ్మా అక్కచెల్లెళ్ళూ! మీ పిన్ని గోతిలో నడుం లోతున కూర్చుని ఉన్నాం. గుమ్మడాకు అంటున్నారట. గుమ్మడాకు తిని తవ్వితే ముసల్దాని కాళ్ళు బయటికే ఉంటాయి. కూరేది?"

"కూర ఇందులో ఉంది మామా. మీరు తినరుగా" అంది ఎనెలెసి.

"ఎవడన్నాడు? నన్నెవరన్నా అడిగారా? నలభై ఏళ్ళ నుంచి గోతి పార పట్టిన చేత్తోనే న్సిమా తింటున్నా. నేను చచ్చానా? నన్ను పూడ్చడానికి వీళ్ళంతా కాసుక్కూచున్నారు, కానీ చచ్చానా?"

"మరి నవంబరులో ఈ నోరు ఎటు పోయింది?"

కంవెండో పారను దించి దాని మీద ఆనుకున్నాడు. "గోతివాడి మాట చావు రోజునే చెల్లుతుందమ్మా. మామూలు రోజున నా మాట మా ముసల్దే వినదు."

ఎనెలెసి గుంట వైపు చూసింది. లోపల కొలత దాటిన చేపలు నూటికి పైగా ఉన్నాయి.

"కొన్నే తీద్దామక్కా, గోతివాళ్ళకి సరిపడా" అంది ఫాలెసి.

"ఆరుగురు తిని మిగతా ఊరు చూస్తూ కూర్చుంటే, ఆ మాట మళ్ళీ పుడుతుంది. పదకొండేళ్ళు తిన్నారుగా, ఈ ఒక్కసారీ తిననీ, అందరూ తినాలి" అంది ఎనెలెసి. అంటున్నప్పుడు గొంతులో దయ లేదు, కోపమే ఉంది. ఆ చేపలను చేతులారా ఇస్తున్నందుకు ఏడుపు కూడా వచ్చింది. ఊరికి తన గుంట మళ్ళీ మామూలు గుంట కావాలంటే తను ఇవ్వగలిగింది అదొక్కటే అని మాత్రం ఆమెకు తెలిసింది.

నీళ్ళు తియ్యాలంటే గట్టు కొయ్యాలి. శవం ఊళ్ళో ఉంది. కంవెండో ఊరిజనాన్ని కేకేసి పిలిచి, అందరూ చూస్తుండగా ఆ కడగని పారతోనే గట్టు కోశాడు. నీళ్ళు పోయాక బురదలో చేపలు కొట్టుకున్నాయి. ఫాలెసి మోకాళ్ళ లోతున దిగి, వేలెడు పిల్లలను ఏరి నీళ్ళకుండలో వేసింది. పెద్దవన్నీ తట్టలకెక్కాయి.

మామిడిచెట్టు కింద గోతివాళ్ళ చాప పరిచారు. మొదటి పళ్ళేలు వాళ్ళవే. కంవెండో న్సిమా ముద్ద చేసి, చేపల కూరలో ముంచి నోట్లో పెట్టుకుని, నెమ్మదిగా నమిలి, చుట్టూ చూశాడు. ఊరంతా ఆయన నోటినే చూస్తోంది.

"ఉప్పు తక్కువైంది. ఆ ఎనెలెసిని పిలవండి" అన్నాడు.

ఉప్పు తెచ్చిన ఎనెలెసి చెయ్యి పట్టుకుని చాప మీద ఆయన తన పక్కన చోటు చూపించాడు. ఆ చాప మీద ఆడమనిషి కూర్చోగా మా ఊళ్ళో ఎవరూ చూడలేదు. ఎనెలెసి అలాగే నిలబడిపోయింది.

"కూర్చో. ఈ పార పట్టినవాళ్ళం ఆరుగురం అనుకున్నా ఇన్నాళ్ళూ. నువ్వు ఏడోదానివి. గోతివాళ్ళ వాటా నీకూ ఉంది." కూరలోకెల్లా పెద్ద చేపను తీసి ఆమె పళ్ళెంలో వేశాడు. "రెండు కోళ్ళు తీసుకున్నారు గానీ, మూడు నెలలుగా ఈ వాటా ఇవ్వడం మర్చిపోయారు వీళ్ళు."

ఎనెలెసి కూర్చుంది. పిన్ని కోసమో, చేపల కోసమో, ఆ పళ్ళెం కోసమో తెలియదు, కళ్ళ నీళ్ళు కారుతూనే తిన్నది. తరవాత ఆడవాళ్ళు తిన్నారు, పిల్లలు తిన్నారు, ఊరిపెద్ద తిన్నాడు. చావుకు వచ్చిన మిసోమలి కూడా రెండు తిన్నాడు. చెయ్యి ఎక్కడా తుడుచుకోకుండా వేళ్ళు నాకుతూ ఆమె దగ్గరికి వచ్చాడు.

"ఇక ఏ బాధా లేదమ్మా. ఈసారి ఎదగ్గానే కబురు పెట్టు. అన్నీ నేనే తీసుకుంటా. ఎన్నాళ్ళు పడుతుంది?"

"ఎనిమిది నెలలు" అంది ఎనెలెసి. అని, చాప మీది గోతివాళ్ళ వైపు తిరిగింది. "మామా, ఎనిమిది నెలలు ఎవరూ చావకుండా చూస్తావా?"

ఏడుపుల మధ్య నవ్వులు లేచాయి. కంవెండో నవ్వలేదు. చేప ముల్లు పక్కన పెట్టి, "నా మటుకు నేను ఆగుతాలే అమ్మా, అంతవరకు నా మాట" అన్నాడు.

మట్టి పడ్డాక ఆయన ఆకుపసరు నీళ్ళతో పారను శుభ్రంగా కడిగి తెచ్చి ఇచ్చాడు. మర్నాడు పొద్దున్నే కూలికి వెళ్ళకముందు ఎనెలెసి దానితో గట్టు పూడ్చి, పిల్లకాలువ నీళ్ళు గుంటలోకి వదిలింది. చేపపిల్లల కుండ ఎత్తుకుని గట్టెక్కుతూ సగంలో ఆగింది. వెనకనే వస్తున్న ఫాలెసి ఏమీ అనకుండా కుండ అందుకుంది. ఎనెలెసి నడుము మీద చెయ్యి వేసుకుని ఇంకాసేపు అక్కడే నిలబడింది.